గుంటలోంచి చూసిన గండభేరుండం

ధర్మవరంలో చీరల అంగళ్లు దాటి రైల్వే గేటు వైపు పోయే సందులో పుష్పావతి అట్టల షాపు ఉంది. పుస్తకాలకు వేసే అట్టలు కావివి. మగ్గం నెత్తిన జాకార్డు అనే పెట్టె ఒకటి ఉంటుంది. దానికి వేసే, చిల్లులు కొట్టిన అట్టలు. చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అట్ట తర్వాత అట్ట తిరిగేకొద్దీ పట్టు మీద నెమలి తోక విప్పుతుంది, మామిడిపిందె ఒళ్లు వంచుతుంది. చీర కట్టుకునేవాళ్లలో చాలామందికి ఈ అట్టల సంగతే తెలియదు. తెలిస్తే ఇంకాస్త భయభక్తులతో కట్టుకునేవాళ్లేమో.

వీధిలో అందరూ పుష్పావతిని కంప్యూటరమ్మ అంటారు. పేరు బాగానే ఉంది గానీ, ఆ పేరు పెట్టి పిలిచి ఆధార్ కార్డు ప్రింటు తీయమనీ, కరెంటు బిల్లు కట్టిపెట్టమనీ అడుగుతుంటారు. "నేను అట్టలు కొడతానన్నా, ఆధార్లు కొట్టను" అని ఆమె ప్రతిసారీ చెబుతుంది. చెబుతూనే ప్రింటు తీసి చేతిలో పెడుతుంది.

ఆమె పుట్టింది తాడిమర్రి దగ్గర ఒక పల్లెలో. నాయన హనుమంతుకు గొర్రెలున్నాయి. వానలు మొహం చాటేసిన ఏడు ఆయన మందను తోలుకుని గడ్డి ఉన్నచోటల్లా తిరుగుతుంటే, తల్లి చౌడక్క కూతుర్ని చంకనేసుకుని ధర్మవరం చేరింది. ఇక్కడ పడుగు అతికే పని నేర్చుకుంది. మగ్గం మీద నిలువుగా సాగే దారాలను పడుగు అంటారు. ఒక పడుగు అయిపోవస్తే దాన్ని కోసి పారేయరు. మగ్గంలో దూరి ఉన్న పాత పోగుల కొసలను అలాగే ఉంచి, కొత్త పడుగులోని ప్రతి పోగునూ పాత పోగుకు మెలిపెట్టి అతుకుతారు. వేలికి కాస్త బూడిద అద్దుకుని, పోగు వెంట పోగు, వేల పోగులు. అన్నీ అతికాక మెల్లగా లాగితే కొత్త పడుగు పాతదాని దారి పట్టుకుని నడిచి వస్తుంది. పాతది పూర్తిగా తీసేశారో, ప్రతి పోగునూ మళ్లీ మగ్గంలో సూది బెజ్జం లాంటి దాని కంటిలో దూర్చాలి. అది ఇంటిల్లిపాదినీ వారాల తరబడి కూర్చోబెట్టే పని. అందుకే నేతగాళ్ల ఇళ్లలో పసిపిల్లలకు కూడా చెప్పే మాట ఒకటుంది, పాత కొసలు కోయకూడదని. చౌడక్క కూతురికి అన్నం తినడంతో పాటే ఈ మాటా నేర్పింది.

చౌడక్క ఎక్కువగా అతికింది వీరేష్ మగ్గానికి. ఆమె ఆయన్ను అన్నా అంటుంది కాబట్టి పుష్పావతికి ఆయన మామ. ఆయనది నేలలో గుంట తవ్వి కాళ్లు కిందికి పెట్టుకుని నేసే గుంటమగ్గం. అలాంటివి ఊళ్లో చాలానే ఉన్నాయి. కానీ ఈ మగ్గం నెత్తిన ఒక జాకార్డు కాదు, రెండున్నాయి, పక్కపక్కనే. వీరేష్ తండ్రి ఎప్పుడో ఏ ధైర్యంతోనో బిగించాడు. ఒక్క పెట్టె ఉంటే చీర వెడల్పులో చిన్న బొమ్మే మళ్లీమళ్లీ రావాలి. రెండుంటే కొంగు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే పెద్ద బొమ్మ నేయొచ్చు. ఆ తండ్రి, ఆయన తర్వాత వీరేష్ నేసింది గండభేరుండ పక్షి. ఒళ్లు ఒకటి, తలలు రెండు, చెరోవైపు చాచిన రెక్కలు. ఎడమ పెట్టె ఎడమ సగాన్ని, కుడి పెట్టె కుడి సగాన్ని నేస్తాయి. పక్షి గుండె సరిగ్గా రెండు పెట్టెల మధ్య పడుతుంది. ఒక్క పోగు తేడా వచ్చినా పక్షి పక్షి కాదు.

ఇంకో విచిత్రం, ఆ మగ్గం మీద చీర మొహం కిందికి తిరిగి ఉంటుంది. నేసేవాడికి పైన కనపడేది వెనకవైపు దారాల గజిబిజే. బొమ్మ ఎలా వచ్చిందో తెలియాలంటే కింద అద్దం పెట్టి చూడాలి. వీరేష్ దగ్గర అద్దం లేక కాదు. అయినా పుష్పావతి చిన్నగా ఉన్నప్పుడు ఆమెను గుంటలోకి దింపి, "ఏం కనపడతాంది పాపా?" అని అడిగేవాడు. ఆ పిల్ల మెడ వెనక్కి వాల్చి, "పక్షి మామా. రెండు మూతులుండాయి" అనేది. ఆయన తృప్తిగా మళ్లీ కాలి కింది చెక్క తొక్కేవాడు. ఆ గుంటలోంచి చూసిన పక్షి ఆమె కళ్లలో ఎప్పటికీ చెరగలేదు. చిల్లులున్న అట్టలకూ బంగారు రెక్కలకూ ఏమిటి సంబంధమో తేల్చుకోవాలన్న పట్టుదలతోనే పదో తరగతి తర్వాత హిందూపురంలో కంప్యూటర్ డిప్లొమాలో చేరింది. పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కి, పెనుకొండ కొండ కిటికీలోంచి వెనక్కి పోతుంటే పాఠం చదువుకుంటూ వెళ్లేది. డిప్లొమా చేతికొచ్చాక తోటివాళ్లలో చాలామంది బెంగళూరు రైలెక్కితే, ఈమె తిరుగు రైలెక్కి ఇంటికొచ్చి అట్టల షాపు పెట్టింది. తెలివి ఉండీ తెలివితక్కువ పని చేసిందని బంధువుల్లో ఈ రోజుకీ అనుకునేవాళ్లున్నారు.

షాపు బాగానే నడిచింది. వీరేష్ మగ్గమే ఆగిపోయింది. జంట పెట్టెలకు చేత్తో అట్టలు కొట్టగలిగిన పెద్దాయన ఊరంతటికీ ఒక్కడే ఉండేవాడు, ఆయన పోయాడు. గండభేరుండం పాత అట్టలు అటక మీద ఉన్నాయి కదా అని వీరేష్ ధీమాగా ఉన్నాడు. ఒకరోజు దింపి చూస్తే చెదలు తినేసి ఉన్నాయి. కొన్నాళ్లు ఒక్క పెట్టెతో అందరూ నేసే చిన్న పువ్వుల బుట్టాలే నేశాడు. వాటిని మరమగ్గాలు ఇంతకన్నా త్వరగా నేస్తాయి. చివరికి మగ్గం మీద దుప్పటి కప్పేశాడు.

మాఘమాసం వెళ్లేసరికి సంగతి తేలిపోయింది. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పని దొరికిందనీ, నెలాఖరుకు చేరాలనీ, అంతలో మగ్గం విప్పి గుంట పూడుస్తాననీ వీరేష్ చెప్పాడు. ట్రాక్టర్ వాడు ఎర్రమట్టి తెచ్చి ఇంటి ముందర పోసి వెళ్లాడు కూడా. గుంట పూడ్చిన ఇంట్లో మళ్లీ మగ్గం లేచిన దాఖలా ఆ వీధిలో లేదు. ఆ రోజు చౌడక్క షాపుకొచ్చి మెట్టు మీద కూర్చుంది.

"కొసలు కోసినాడామా?" అని పుష్పావతి అడిగింది.

"లేదు. దుప్పటెత్తి చూసొచ్చినా. పాత పడుగు ఇంగా దాంట్లోనే ఉండాది. అంతా అయిపోయిందంటాడు గానీ, కత్తెర మాత్రం పట్టుకోలేదు."

పుష్పావతికి ఆ మాట చాలింది.

బొమ్మను అట్టల మీది చిల్లుల లెక్కగా మార్చడానికి ఆమె వాడే ప్రోగ్రాం పేరు ఓర్దితో. ఊళ్లో మిగతా షాపులన్నీ ఏదో ఖరీదైన ప్రోగ్రాంకు దొంగ కాపీ పెట్టుకుని, అది ఎప్పుడు మొరాయిస్తుందోనని బిక్కుబిక్కుమంటూ ఉంటాయి. ఓర్దితో అలా కాదు, ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఎలా రాశారో విప్పి చూడొచ్చు, బాగుచేయొచ్చు. డిప్లొమాలో తనతో చదివిన కీర్తన, ఇప్పుడు హిందూపురంలోనే ఒక చిన్న కంప్యూటర్ ఆఫీసులో పనిచేస్తోంది, ఆమే వచ్చి పుష్పావతి పాత కంప్యూటర్ మీద దాన్ని ముక్క ముక్కా అతికి కట్టిపెట్టి వెళ్లింది. ఓర్దితో అంటే ఇటలీ భాషలో పడుగు అని తెలిసిన రోజు పుష్పావతి ఆ మాట తల్లికి చెబితే ఇద్దరూ నవ్వుకున్నారు. అన్నీ ఉన్న ఓర్దితోలో ఒక్కటే లేదు. దానికి ఒక పెట్టె మగ్గమే తెలుసు. రెండు పెట్టెలంటే బొమ్మను మధ్యకు కోసి, నడుమ ఒక ఖాళీ చార వదిలేస్తుంది.

కీర్తనకు ఫోన్ చేస్తే ఆమె కాసేపు వెతికి చెప్పింది. "విడుదల చేసిన దాంట్లో లేదే. కానీ ఇంగా పని జరుగుతాండే కాపీ ఒకటి అందరికీ కనపడేట్ల పెట్టినారు. రిపోజిటరీ అంటారు దాన్ని. దాంట్లో జంట మిషన్ల భాగం ఎవురో రాసిపెట్టినారు. అది రెడీమేడ్‌గా దొరకదు. సోర్స్ తెచ్చుకొని నువ్వే బిల్డ్ చేసుకోవాల."

"నేనా?"

"నువ్వే. అట్టలు కొట్టేది నేనా? సుమ్మనే భయపడొద్దు. ఆడ ఎట్ల చేయాలో రాసినారు, ఒక్కో వాక్యం చదువుకుంటా పో."

మనం వాడే ప్రోగ్రాం నేసి మడతపెట్టిన చీర అయితే, సోర్స్ అనేది దాని దారం. మనుషులు రాసుకున్న వాక్యాలు. వాటిని యంత్రానికి అర్థమయ్యే ముక్కలుగా మార్చి, ముక్కలన్నీ అతికితే ప్రోగ్రాం అవుతుంది. ఆ పనే బిల్డు. పుష్పావతి సోర్స్ దించుకుంది. దించుకున్నాక అందులోకి తొంగిచూసి అలాగే ఉండిపోయింది. ఎన్ని వేల వరసలో. ప్రతి వరస పక్కనా అది ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో, ఎందుకు మార్చారో ఉంది. బ్రెజిల్ నుంచి ఒకాయన రంగుల లెక్క సరిచేశాడు. జపాన్‌లో ఎవరో ఒక్క కామా మార్చారు, దానికీ పేరుంది. ఒకరి మొహం ఒకరు చూడని మనుషులు, ఎవరూ అడగకుండా, అట్టల మీద చిల్లులు సరిగ్గా పడాలని ఇంత రాశారు. తను ఇన్నాళ్లూ ఏదో బొమ్మ మీద నొక్కి వాడుకుంటున్నది వీళ్లందరి పనేనా అనుకుంటే ఆమెకు ఒళ్లు జలదరించింది.

పక్కన కూర్చుని పోగులు చిక్కు తీస్తున్న చౌడక్కకు చూపించింది. చౌడక్క కళ్లు చికిలించి చూసి, "ఎవురు అతికినారో పేరు పెట్టుకుంటారా?" అని అడిగింది.

"పెట్టుకుంటారుమా. ఒక్క అక్షరం మార్చినా పేరుంటాది. ఎప్పటికీ పోదు."

చౌడక్క తన వేళ్ల వంక చూసుకుంది. ఆమె అతికిన అతుకు ఏ చీరలోకీ రాదు. అతుకులున్న ఆ కాస్త మేరా నేసి, కోసి, పారేస్తారు. ఇన్నేళ్లలో ఆమె అతికిన పోగులన్నీ అలా చెత్తలోకే పోయాయి. "అయితే మంచోళ్లేలే" అని, ఆమె వేళ్ల మీది బూడిద దులుపుకుని లేచింది.

జంట పెట్టెల భాగం రాసినావిడ పేరు ఐనో, ఊరు ఫిన్లాండులో ఎక్కడో. ఆ భాగం మొదట్లో ఆమె ఒక మాట రాసిపెట్టింది. ఇది నిజం మగ్గం మీద పరీక్షించలేదు, అందుకే విడుదలలో చేర్చలేదు అని. రాసి చాలా ఏళ్లయింది.

పుష్పావతి పని మొదలుపెట్టింది. బిల్డుకు కావలసిన ముక్కల మూట, ఫలానా లైబ్రరీ, లేదంటుంది కంప్యూటర్, తెస్తే ఇంకోటి లేదంటుంది. పెళ్లివారి అలకల్లాగా ఒకటి తీరిస్తే ఇంకోటి. అన్నీ తీర్చింది. సూచనల్లో ఒకచోట, పాత బిల్డు ఏదైనా ఉంటే తీసేసి ఖాళీ ఫోల్డర్‌లో మొదలుపెట్టండి అని ఉంది. ఆమె ఆ వాక్యం చదివింది, బాగా అర్థమైంది కూడా. అయినా చేయలేదు. కీర్తన కట్టిన పాత ముక్కలన్నీ చక్కగా ఉన్నాయి కదా, వాటిని పారేయడమెందుకు, కొత్తది వాటికే అతుక్కుంటుందిలే అనుకుంది. చదువు ఎంత చదివినా ఆమె చౌడక్క కూతురు మరి.

బిల్డు అయింది. తెర మీద 'రెండు మిషన్లు' అన్న ఎంపిక కనపడింది. సంతోషం పట్టలేక నీలావతి దగ్గరికి పరిగెత్తింది. నీలావతి వీరేష్ భార్య. ఆమె పెళ్లిచీర కొంగు మీద ఉన్నదే, మామగారు నేసిన ఆ గండభేరుండం. నీలావతి పెట్టె అడుగు నుంచి చీర తీసి, ఏమీ అడగకుండా ఇచ్చింది. పుష్పావతి కొంగు ఫోటో తీసి, పోగు పోగూ గళ్లలో దిద్ది, అట్టలు కొట్టింది. చౌడక్క వాటిని వరసగా తాడుతో కుట్టింది. వీరేష్ మాత్రం, "ఏంటికి శ్రమ" అంటూనే దుప్పటి తీశాడు.

పాత పడుగు కొంచెమే మిగిలి ఉంది. పక్షి కాళ్ల నుంచి ఛాతీ దాకా నేశారు. వీరేష్ అద్దం తీసి కింద పట్టుకుని చూశాడు. చూసి అద్దం పుష్పావతికి ఇచ్చాడు. పక్షి నిలువునా చీలి ఉంది. గుండె ఉండాల్సిన చోట వేలెడు వెడల్పున ఏ బొమ్మా లేని పట్టు.

"వద్దులే పుష్పా" అన్నాడాయన, కోపం లేకుండా. "ఒకసారి చెదలు తినె. ఇప్పుడు మనం చీలిస్తిమి. పక్షిని ఎన్నిసార్లు సంపేది?"

చౌడక్క మిగిలిన పడుగు మీద జాన వేసి కొలిచింది. "ఇంగొక్కసారి నేసి చూడొచ్చున్నా. అది గూడా చెడితే మాత్రం కొత్త పడుగు అతికేదానికి కొసలు చాలవు. అప్పుడు నువ్వు కోసేదేమీ ఉండదు, అదే తెగిపోతాది."

"సోమవారం పెనుకొండ పోవాల" అన్నాడు వీరేష్. ఆయన చూపు వాకిట్లో ఎర్రమట్టి కుప్ప మీద ఉంది.

పుష్పావతి షాపుకొచ్చి షట్టరు సగం దించుకుని ఏడ్చింది. ఏడ్చాక, ఇంటర్నెట్‌లో ఓర్దితో పనివాళ్లు మాట్లాడుకునే చోట ఒక ప్రశ్న రాసింది. తప్పులతోనే రాసింది. చీలిన పక్షి ఫోటో పెట్టింది, మగ్గం ఫోటో పెట్టింది, ఈ మగ్గం సోమవారం తర్వాత ఉండదని కూడా రాసింది. ఎక్కడో ఉన్నవాళ్లకు ఇదంతా ఎందుకు చెబుతున్నానా అని సిగ్గుపడింది గానీ, చెరపలేదు.

సాయంత్రం దీపాలు పెట్టేసరికి జవాబొచ్చింది. రాసింది ఐనోనే. ఆవిడ ఇంగ్లీషు కూడా అరువు తెచ్చుకున్నదే, పుష్పావతి ఇంగ్లీషుకు తోబుట్టువులా ఉంది. మొదటి వాక్యం, పాత బిల్డు తీసేశావా అని. లెక్క వేసే ముక్క పాతదే మిగిలిపోయి ఉంటుంది, నువ్వు కొత్త రాత తెచ్చినా యంత్రం పాత ముక్కనే అతుక్కుంది, మొత్తం తీసేసి ఖాళీగా మొదలుపెట్టు అని రాసింది. ఆ తర్వాత ఆమె సొంత సంగతి. వాళ్ల ఊరి నేతబడిలో జంట జాకార్డు మగ్గం ఒకటి ఉండేదట. దాని కోసమే ఆ భాగం రాసిందట. రాయడం ముగిసేలోపే బడి మూతపడింది, మగ్గాన్ని విప్పేసి ఎవరికో ఇచ్చేశారు. అలాంటి మగ్గం ఎక్కడైనా ఆడుతోందేమోనని అందరినీ అడిగింది, ఎవరూ ఉందని చెప్పలేదు. అయినా రాసింది చెరపడానికి చేయి రాక అలాగే ఉంచింది. "నీ ఫోటో చూసి నేను కూర్చున్నచోటి నుంచి లేవలేకపోయాను" అని ముగించింది.

పుష్పావతి ఆ జవాబును చాలాసార్లు చదివింది. తను గుంటలో కూర్చుని మెడ వాల్చి పక్షిని చూస్తున్న కాలంలోనే, ప్రపంచం ఆ కొసన ఒకావిడ అలాంటి మగ్గం పక్కనే తిరుగుతూ ఉండేదన్నమాట. ఆవిడ దగ్గర రాత మిగిలింది, మగ్గం పోయింది. ఇక్కడ మగ్గం మిగిలింది, అట్టలు పోయాయి. ఈ రెండూ ఒకదాన్ని ఒకటి వెతుక్కుంటూ ఇన్నేళ్లు ఉన్నాయి. భయంలాంటి ఆశ్చర్యమొకటి ఆమెను నిలువునా పట్టుకుంది.

మర్నాడు పొద్దున చౌడక్క ఎదురుగానే పాత ఫోల్డర్ తెరిచింది.

"ఏం చేస్తాండావు?"

"ఉన్నదంతా తీసేస్తాండానుమా. మొదట్నుంచీ కట్టాలంట."

చౌడక్క ఆమె చేయి పట్టుకుంది. "అంతా తీసేస్తావా? కొసలు గూడా మిగలకుండానా? మళ్లీ ఎవురు దూర్చాల దాన్నంతా?"

"అదే దూర్చుకుంటాదంట."

"ఏది?"

పుష్పావతి తల్లి చేతిని మెల్లగా విడిపించుకుంది. చిన్నప్పటి నుంచీ చేయకూడదని విన్న పని అది. కళ్లు మూసుకుని మీట నొక్కింది. ఫోల్డర్ ఖాళీ అయింది.

తర్వాత బిల్డు మొదలైంది. తెర మీద వరసలు కదిలాయి. ఒక్కో వరస ఒక్కో ముక్క. బ్రెజిలాయన ముక్క, జపాన్ కామా ఉన్న ముక్క, ఇంకా పేర్లు పలకలేని ఎందరివో. కుట్టనవసరం లేకుండా, బూడిద అద్దనవసరం లేకుండా, ఏ పోగు ఏ కంటిలోకి పోవాలో దానికి తెలిసినట్టు అన్నీ వరసగా వెళ్లి కూర్చుంటున్నాయి. ఇంటిల్లిపాదీ వారాల తరబడి చేసే పని. అదంతా ఏమీ లేని చోటి నుంచి కళ్ల ముందే లేస్తోంది. తల్లీ కూతుళ్లిద్దరూ పొయ్యి మీద పప్పు సంగతి మరిచిపోయి చూశారు. చౌడక్క తనకు తెలియకుండానే ఆ వరసలతో పాటు బొటనవేలినీ చూపుడువేలినీ మెలిపెడుతోంది. చివరి వరస ఆగినప్పుడు ఆమె గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, "ఎంతమంది చేతులు మే ఇవి" అంది. పప్పు మాడిన వాసన అప్పుడొచ్చింది.

మళ్లీ అట్టలు కొట్టింది, మళ్లీ తాడుతో కుట్టారు. ఆదివారం నాడు నలుగురూ మగ్గం దగ్గర చేరారు. వీరేష్ రెండు పెట్టెలకూ అట్టలు తగిలించి, గుంట అంచున కూర్చుని కాళ్లు కిందికి దించాడు. నీలావతి అద్దం తెచ్చింది. ఆయన అద్దం తీసుకోలేదు.

"పుష్పా, దిగి చూడు."

"నేను పట్టనేమో మామా."

"పడతావులే. దిగు."

ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గుంటలోకి దిగి, ఆయన కాళ్ల పక్కన ముడుచుకుని కూర్చుంది. మెడ వెనక్కి వాల్చింది. వీరేష్ చెక్క తొక్కాడు. పైన రెండు పెట్టెలూ ఒక్కసారే కదిలాయి. ఎన్నేళ్లకో ఆ చప్పుడు. అడ్డపోగు మోసే నాడె ఇటు నుంచి అటు పోయింది, అటు నుంచి ఇటు వచ్చింది. గోళ్లు వచ్చాయి, కాళ్లు వచ్చాయి. తోక మొదలు లేచింది. ఛాతీ దగ్గరికి వచ్చేసరికి ఆమె ఊపిరి బిగపట్టింది. ఎడమ నుంచి ఒక జరీ పోగు వచ్చి, కుడి నుంచి వచ్చిన పోగు పక్కన పడుకుంది. దాని మీద ఇంకోటి. ఎక్కడా ఖాళీ లేదు. కొత్తగా నేసిన గుండె మొత్తం బంగారు రంగులో మెరుస్తోంది. దాని మధ్యలో రెండు పెట్టెల హద్దు ఎక్కడుందో వెతికినా ఆమెకు దొరకలేదు.

"ఏం కనపడతాంది పాపా?" అని పైనుంచి గొంతు వచ్చింది.

ఆమె చేయి చాచి ఆయన పాదం పట్టుకుంది. "కలిసింది మామా" అంది. "ఒక్కటే ఒళ్లు."

చౌడక్క వెంటనే పడుగు మీద జాన వేసి, "ఇంగ ఆపన్నా, కొసలు చాలు, అతకొచ్చు" అని, నీలావతిని బూడిద అడిగింది. నీలావతి బూడిద తెచ్చిచ్చి, గంప తీసుకుని వాకిట్లోకి నడిచింది. ఎర్రమట్టి గంపలోకి ఎత్తి, ఇంటి పక్కన కరివేపాకు చెట్టు మొదట్లో పోయడం మొదలుపెట్టింది. రెండో గంప పోసి తిరిగొస్తూ గుమ్మంలో ఆగింది. "రేపు పెనుకొండోళ్లకు ఏం చెప్తావు?" అని అడిగింది.

"మగ్గం ఖాళీ లేదని చెప్తా" అన్నాడు వీరేష్.

ఆయన వంగి పుష్పావతికి చేయందించి గుంటలోంచి పైకి లాగాడు. ఆమె మోకాళ్ల మట్టి దులుపుకుంటుంటే అడిగాడు. "ఆ ఫిన్లాండు ఆయమ్మకు చెప్పినావా?"

"ఇంగా లేదు మామా. ఇంటికి పోయి రాస్తా."

"ఇప్పుడే రాయి" అన్నాడాయన, మళ్లీ గుంట అంచున కూర్చుంటూ. "ఆయమ్మ మగ్గం ఈడ ఆడతాండాదని రాయి."